ఆన్‌లైన్ డిగ్రీలో చేరుతున్నారా? క్లాస్‌రూంతో పోలిస్తే ఏం కోల్పోతారు, ముందే ఏం చూసుకోవాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ఫోన్ నిండా ప్రకటనలే. 'ఇంట్లో కూర్చునే డిగ్రీ', 'ఉద్యోగం చేస్తూనే ఎంబీఏ', 'కాలేజీకి వెళ్లే పనిలేదు'. హాస్టల్ ఫీజు, బస్సు చార్జీలు, నగరంలో గది అద్దె లెక్కేసుకున్న తల్లిదండ్రులకు ఈ మాటలు ఊరటగానే ఉంటాయి. పొద్దున్నే లేచి రెండు బస్సులు మారే పని తప్పుతుందంటే పిల్లలూ కాదనరు.

ఆన్‌లైన్ చదువు మోసమేమీ కాదు. యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ చట్టప్రకారం చెల్లుతుంది. అయితే చెల్లుబాటు కావడం ఒకటి, చదువు రావడం మరొకటి. గదిలో కూర్చుని నేర్చుకునేటప్పుడు మనకు తెలియకుండానే దొరికేవి కొన్ని ఉంటాయి. అవి స్క్రీన్ మీద దొరకవు. పైగా ఆ నష్టం అందరికీ ఒకేలా ఉండదు. ఎవరికి ఎక్కువ, ఎందుకు, చేరే ముందు ఏం చూసుకోవాలి అన్నది ఈ కథనంలో చూద్దాం.

ముందుగా, 'ఆన్‌లైన్' అంటే ఏది?

ఒకే మాటతో నాలుగు వేర్వేరు విషయాలను పిలుస్తున్నాం. అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

ఒకటి, రెగ్యులర్ కాలేజీలో చేరినా కొన్ని క్లాసులు ఆన్‌లైన్‌లో జరగడం. కరోనా సమయంలో అందరూ చూసింది ఇదే. ఇక్కడ మీరు రెగ్యులర్ విద్యార్థే, మీ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీయే.

రెండు, పూర్తిగా ఆన్‌లైన్ డిగ్రీ. అడ్మిషన్ నుంచి పాఠాల వరకు అంతా ఇంటర్నెట్‌లోనే. దీనికి 2020 సెప్టెంబర్‌లో యూజీసీ తెచ్చిన ఓపెన్, డిస్టెన్స్, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలు వర్తిస్తాయి.

మూడు, దూరవిద్య. హైదరాబాద్‌లోని డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. దేశంలో తొలి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. ఇక్కడ పుస్తకాలు ఇస్తారు, స్టడీ సెంటర్లు ఉంటాయి, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు జరుగుతాయి. అంటే దూరవిద్యలో కూడా మనిషి ఎదుట మనిషి కూర్చునే ఏర్పాటు కొంత ఉంటుంది.

నాలుగు, విడి కోర్సులు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం' పోర్టల్ ఇందుకు ఉదాహరణ. రెగ్యులర్ డిగ్రీ చదువుతూనే స్వయంలో కోర్సు చేసి, ఆ క్రెడిట్లను తమ డిగ్రీలో కలుపుకోవచ్చు. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు ఇలా తీసుకునేందుకు 2021లో యూజీసీ వీలు కల్పించింది. మీ యూనివర్సిటీ దాన్ని ఎంతవరకు అమలు చేస్తోందో మాత్రం అక్కడే కనుక్కోవాలి.

ఈ నాలుగింటిలో మీకు చూపిస్తున్నది ఏదో మొదట తేల్చుకోండి. ఫోన్ చేసిన కౌన్సెలర్ 'రెగ్యులర్‌తో సమానమే సార్' అంటే అది రెండోది అయ్యుండే అవకాశం ఎక్కువ.

కరోనా కాలం ఏం చూపించింది?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. కొద్ది రోజుల్లోనే కాలేజీల పాఠాలు ఫోన్లలోకి వచ్చేశాయి. అప్పటికి మన ఇళ్లు ఇందుకు సిద్ధంగా లేవు. 2017-18లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన 75వ రౌండ్ సర్వే ప్రకారం, దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్లు సుమారు 24 శాతమే. పట్టణాల్లో 42 శాతం, గ్రామాల్లో 15 శాతం. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో 23 శాతం, గ్రామాల్లో 4 శాతం చొప్పున మాత్రమే ఉన్నాయి.

ఆ తర్వాత ఇంటర్నెట్ బాగా విస్తరించింది. నేడు ఫోన్ లేని విద్యార్థి అరుదు. కానీ ఫోన్ ఉండటానికీ, దాని మీద మూడేళ్ల డిగ్రీ చదవగలగడానికీ చాలా దూరం ఉంది. అరచేతి సైజు తెరపై లెక్చరర్ చూపించే స్లైడ్‌లో అక్షరాలు కనిపించవు. ఒకే తెరపై పాఠం వింటూ నోట్స్ టైప్ చేయలేం. ప్రోగ్రామింగ్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివి ఫోన్‌లో సాధన చేయడం దాదాపు అసాధ్యం. అంటే ల్యాప్‌టాప్ ఖర్చు కూడా కోర్సు ఫీజులో భాగమనే అనుకోవాలి.

నిజంగా మార్కులు తగ్గుతాయా?

దీనిపై ఎక్కువ పరిశోధన అమెరికాలో జరిగింది. అక్కడ ఆన్‌లైన్ కోర్సులు కరోనాకు చాలా ఏళ్ల ముందే వచ్చాయి.

2017లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ' పత్రికలో వచ్చిన అధ్యయనం అక్కడి ఒక పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలోని రెండు లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలను పరిశీలించింది. ఒకే కోర్సు, అదే సిలబస్, అవే పుస్తకాలు, అవే అసైన్‌మెంట్లు. కొందరు గదిలో, కొందరు ఆన్‌లైన్‌లో చదివారు. నాలుగు పాయింట్ల స్కేలుపై సగటు గ్రేడ్ గదిలో 2.8 వస్తే, ఆన్‌లైన్‌లో 2.4కు పడింది. ఆన్‌లైన్‌లో చదివినవారికి ఆ తర్వాతి కోర్సుల్లో కూడా మార్కులు తగ్గాయి. మధ్యలో చదువు మానేసే అవకాశం పెరిగింది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల్లో సుమారు 40 వేల మంది విద్యార్థులపై 2014లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో ముఖ్యమైన విషయం చెప్పింది. ఆన్‌లైన్‌లో అందరూ కొంత వెనకబడ్డారు. అయితే అప్పటికే తక్కువ మార్కులు ఉన్నవారు, చిన్న వయసువారు, అబ్బాయిలు, నల్లజాతి విద్యార్థులు మిగతావారికంటే ఎక్కువగా వెనకబడ్డారు.

కరోనా సమయంలో, 2020లో, అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి ఎకనామిక్స్ పాఠం చెప్పారు. ఒక గుంపు గదిలో, ఒక గుంపు ఆన్‌లైన్‌లో. ఇక్కడ ఇంటర్నెట్ సమస్య లేదు, క్రమశిక్షణ సమస్య అంతకన్నా లేదు. అయినా ఆన్‌లైన్ గుంపుకు మార్కులు తగ్గాయి. ఆ తగ్గుదల ప్రధానంగా చదువులో వెనకబడి ఉన్నవారిలోనే కనిపించింది.

రెండోవైపు మాట కూడా చెప్పుకోవాలి. 2010లో అమెరికా విద్యాశాఖ విడుదల చేసిన ఒక సమీక్షలో, ఆన్‌లైన్‌నూ ముఖాముఖి బోధననూ కలిపి నడిపిన కోర్సుల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని తేలింది. కాకపోతే అలాంటి కోర్సుల్లో విద్యార్థులు వెచ్చించిన సమయం, అందిన అదనపు సామగ్రి కూడా ఎక్కువేనని ఆ సమీక్షే చెప్పింది. అంటే గదికి తోడుగా స్క్రీన్ ఉంటే లాభమే. గదిని తీసేసి స్క్రీన్ పెడితేనే ఇబ్బంది.

ఇవి అమెరికా ఫలితాలు కదా అనొచ్చు. నిజమే. కానీ అందులో కనిపించిన వరస మనకూ తెలిసినదే. బాగా చదివే పిల్లవాడు ఎక్కడైనా చదువుతాడు. పక్కన ఒకరు ఉండి చెప్పాల్సిన పిల్లవాడే చిక్కుకుపోతాడు. 'తక్కువ ఖర్చు, సులువు' అంటూ ఆన్‌లైన్ కోర్సు అమ్ముతున్నది ఎక్కువగా ఈ రెండో పిల్లవాడి కుటుంబానికే.

ఎందుకిలా జరుగుతుంది?

గదిలో లెక్చరర్‌కు అరవై ముఖాలు కనిపిస్తాయి. నాలుగు ముఖాలు తేలిపోతే పాఠం అర్థం కాలేదని వెంటనే తెలుస్తుంది. ఇంకో ఉదాహరణ చెబుతారు, బోర్డు మీద మళ్లీ వేస్తారు. ఆన్‌లైన్‌లో కెమెరాలు ఆఫ్ చేసి ఉంటాయి. 'అర్థమైందా?' అని అడిగితే చాట్‌లో ముగ్గురు 'ఎస్ సర్' అంటారు. మిగతా యాభై ఏడుగురు ఉన్నారో, నిద్రపోతున్నారో ఎవరికీ తెలియదు.

డౌట్ విషయం కూడా అంతే. గదిలో అయితే పక్క బెంచీ స్నేహితుడిని మెల్లగా అడగొచ్చు. క్లాస్ అయ్యాక వరండాలో సార్ వెనకే నడిచి అడగొచ్చు. ఆన్‌లైన్‌లో అందరూ వింటుండగా మైక్ ఆన్ చేసి అడగాలి. తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడతామేమోనని భయపడే విద్యార్థి ఆ మైక్ నొక్కడు. చిన్న డౌట్ అలాగే ఉండిపోతుంది. యూనిట్ పూర్తయ్యేసరికి అది పెద్ద బ్యాక్‌లాగ్ అవుతుంది.

ఇక టైం. కాలేజీకి వెళ్లడం అంటే ఒక కట్టుబాటు. తొమ్మిదిన్నరకు మొదటి పీరియడ్, 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరన్న భయం. ఆ కట్టుబాటే చాలామందిని పరీక్ష దాకా లాక్కెళ్తుంది. రికార్డు చేసిన పాఠం ఎప్పుడైనా చూడొచ్చు అన్నది సౌకర్యమే. కానీ 'ఎప్పుడైనా' అన్నది చాలాసార్లు 'ఎప్పటికీ కాదు' అవుతుంది. హార్వర్డ్, ఎంఐటీలు నడిపిన ఉచిత ఆన్‌లైన్ కోర్సుల లెక్కలను 2019లో 'సైన్స్' పత్రిక ప్రచురించింది. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసింది 3 శాతం కాస్త పైన మాత్రమే. పేరు నమోదు చేసుకున్నవారిలో సగం మంది అసలు పాఠం తెరిచి చూడనే లేదు. డబ్బు కట్టిన వారిలో పూర్తిచేసినవారి శాతం చాలా ఎక్కువే. అయినా ప్రపంచ స్థాయి పాఠం ఉచితంగా ఇచ్చినా సరిపోదని, చదివించే ఏర్పాటు కూడా కావాలని ఈ లెక్క చెబుతోంది.

శరీరం మీద పడే భారం కూడా ఉంది. గంటల తరబడి వీడియో క్లాసులు విన్నాక తల బరువెక్కడం ఊహ కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో ఇందుకు నాలుగు కారణాలు చెప్పారు. తెరపై ముఖాలు మరీ దగ్గరగా కనిపించడం, మన ముఖం మనమే చూసుకుంటూ ఉండాల్సి రావడం, కదలకుండా ఒకేచోట కూర్చోవడం, ఎదుటివారి హావభావాలు అర్థం చేసుకోవడానికి మెదడు ఎక్కువ కష్టపడటం.

ల్యాబ్ లేకుండా చదువు కుదిరే కోర్సులేవి?

ఇక్కడ యూజీసీ నిబంధన స్పష్టంగా ఉంది. ఇంజినీరింగ్, వైద్యం, డెంటల్, ఫార్మసీ, నర్సింగ్, ఆర్కిటెక్చర్, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ లాంటి కోర్సులను ఆన్‌లైన్‌లో గానీ, దూరవిద్యలో గానీ నడపకూడదు. పీహెచ్‌డీ కూడా అంతే. 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ వంటి ఆరోగ్య సంబంధ కోర్సులను కూడా యూజీసీ ఈ జాబితాలో చేర్చింది.

కారణం ఊహించడం కష్టం కాదు. టైట్రేషన్‌లో రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో వైర్ పట్టుకుని వెతకాలి. ఇవి చూస్తే వచ్చేవి కావు, చేస్తే వచ్చేవి. వర్చువల్ ల్యాబ్స్ పేరుతో ఐఐటీలు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిసి రూపొందించిన ఉచిత ప్రయోగాలు ఉన్నాయి. ల్యాబ్‌కు వెళ్లే ముందు ఒకసారి సాధన చేసుకోవడానికి అవి బాగా ఉపయోగపడతాయి. ల్యాబ్‌కు బదులుగా మాత్రం సరిపోవు.

నిబంధనను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూపించే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

మొదటిది 2017 నవంబర్ 3 నాటి సుప్రీంకోర్టు తీర్పు. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల కేసు అది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు నిలిపివేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే పునరుద్ధరించాలని చెప్పింది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. ఆ డిగ్రీలతో ఉద్యోగాలు తెచ్చుకుని, ప్రమోషన్లు కూడా పొందినవారు పదేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోవాల్సి వచ్చింది.

రెండోది తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలకు నేరుగా తెలిసిన బాధ. కరోనాతో చైనా నుంచి, యుద్ధంతో 2022లో యుక్రెయిన్ నుంచి వైద్య విద్యార్థులు తిరిగొచ్చారు. అక్కడి యూనివర్సిటీలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పాయి. కానీ ఆన్‌లైన్‌లో మాత్రమే చదివిన వైద్య విద్యను గుర్తించలేమని జాతీయ వైద్య కమిషన్ తేల్చిచెప్పింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆదేశంతో 2022 జులైలో కమిషన్ ఒక పథకం ప్రకటించింది. చివరి ఏడాదిలో తిరిగొచ్చి, ఆ ఏడాది జూన్ 30లోగా డిగ్రీ పొందినవారికి ఒక్కసారికి అర్హత పరీక్ష రాసే అవకాశం ఇచ్చింది. అయితే పాసయ్యాక ఇంటర్న్‌షిప్ ఏడాది బదులు రెండేళ్లు చేయాలని షరతు పెట్టింది. వార్డులో రోగి పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది తెర మీద రాదన్నదే ఆ రెండో ఏడాది వెనకున్న ఆలోచన.

ఇంట్లో చదువు నిజంగా చవకేనా?

ఒక చిన్న లెక్క చూద్దాం. సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో వీడియో నడిస్తే గంటకు 450 ఎంబీ డేటా ఖర్చవుతుంది. రోజుకు ఐదు గంటల క్లాసులంటే 2.25 జీబీ. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ వేసుకున్న ఇంట్లో చివరి క్లాసు పూర్తికాకముందే డేటా అయిపోతుంది. అదే ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుతుంటే చెప్పక్కర్లేదు. బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, ల్యాప్‌టాప్, కరెంటు పోతే పనిచేసే ఏర్పాటు, ఇవన్నీ కలిపి చూసుకున్నాకే కాలేజీ ఫీజుతో పోల్చాలి.

డబ్బు లెక్కలోకి రాని ఖర్చు ఇంకొకటి ఉంది. రెండు గదుల ఇంట్లో టీవీ, చుట్టాలు, వంటింటి చప్పుడు మధ్య నిశ్శబ్దం దొరకడమే కష్టం. అమ్మాయిల విషయంలో ఇది ఇంకా బరువు. కాలేజీకి వెళ్తే చదువుకుంటోంది అంటారు. ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటే 'ఖాళీగానే ఉంది కదా' అనుకుని పని చెబుతారు. కాలేజీ అనేది చాలామంది అమ్మాయిలకు చదువుతోపాటు రోజులో ఆరు గంటల సొంత సమయం కూడా. ఆ సమయం పోతే ముందుగా వచ్చేది పెళ్లి మాటే అని తల్లిదండ్రులు కూడా ఆలోచించాలి.

క్లాసు బయట పోయేవి ఏమిటి?

లైబ్రరీ, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, ఆటలు, సెమినార్లు, క్యాంపస్ నియామకాలు. వీటిలో సిలబస్‌లో ఉన్నది ఒక్కటీ లేదు. కానీ మొదటి ఉద్యోగం చాలాసార్లు వీటి దారిలోనే వస్తుంది. ఫలానా కంపెనీలో ఖాళీలున్నాయని సీనియర్ చెబుతాడు. రిఫరెన్స్ లెటర్ కావాలంటే మిమ్మల్ని మూడేళ్లుగా చూసిన లెక్చరర్ రాస్తారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడే ధైర్యం మొదటి సెమినార్‌లో కాళ్లు వణికితేనే వస్తుంది. ఆన్‌లైన్ కోర్సులో 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అని రాసి ఉంటే, అది ఉద్యోగ హామీ కాదని గుర్తుంచుకోండి. గత బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, వారిలో ఎందరికి ఉద్యోగం వచ్చిందో అడగండి.

ప్రభుత్వం నుంచి వచ్చే సాయం కూడా చూసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ సీటు, స్టూడెంట్ బస్ పాస్ వంటివి ప్రధానంగా కాలేజీకి వెళ్లి చదివే రెగ్యులర్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని నడుస్తున్నవి. ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదవగలిగిన విద్యార్థి, సొంత డబ్బుతో ఆన్‌లైన్ డిగ్రీలో చేరితే ఖర్చు తగ్గకపోగా పెరగొచ్చు. చేరే ముందు మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ, స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గానీ మీ కోర్సుకు అర్హత ఉందో లేదో కనుక్కోండి.

అమెరికా వెళ్లేవారు తెలుసుకోవాల్సింది

మన పిల్లలు ఎక్కువగా వెళ్లే అమెరికాలో ఎఫ్-1 వీసాపై ఉన్నవారు ఒక సెమిస్టర్‌లో ఫుల్‌టైం చదువు కింద లెక్కించుకోగలిగేది ఒక్క ఆన్‌లైన్ కోర్సు, లేదా మూడు క్రెడిట్లు మాత్రమే. కరోనా సమయంలో దీనికి సడలింపు ఇచ్చారు. 2020 జులై 6న, పూర్తిగా ఆన్‌లైన్ చదువు ఉన్న విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని అక్కడి అధికారులు ప్రకటించారు. హార్వర్డ్, ఎంఐటీలు కోర్టుకెళ్లడంతో జులై 14న ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు ఎందరో తెలుగు తల్లిదండ్రులకు నిద్రలేదు. అందుకే సులువుగా ఉందని ఆన్‌లైన్ సబ్జెక్టులు ఎంచుకునే ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని తప్పక అడగాలి. స్నేహితులు చెప్పారన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

మరి ఆన్‌లైన్ ఎవరికి సరిపోతుంది?

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ప్రమోషన్ కోసం డిగ్రీ లేదా పీజీ కావాల్సినవారికి. పిల్లల పెంపకం వల్ల చదువు ఆపేసి మళ్లీ మొదలుపెట్టాలనుకునే మహిళలకు. ప్రయాణం కష్టమైన దివ్యాంగులకు. కావాల్సిన సబ్జెక్టు దగ్గర్లోని ఏ కాలేజీలోనూ లేనివారికి. వీరికి ప్రత్యామ్నాయం క్లాస్‌రూం కాదు, చదువు లేకపోవడమే. కాబట్టి ఆన్‌లైన్ వారికి మంచి దారి. పైగా వయసు, అవసరం రెండూ ఉండటంతో తమంతట తాము కూర్చుని చదివే అలవాటు వీరికి ఎక్కువ.

పద్దెనిమిదేళ్ల వయసులో ఇంటర్ నుంచి నేరుగా వచ్చే విద్యార్థికి, అందుబాటులో ఒక మోస్తరు కాలేజీ ఉంటే, ఆ కాలేజీయే మేలు. ఆన్‌లైన్‌ను దానికి తోడుగా పెట్టుకోవచ్చు. స్వయం కోర్సులు, తెలంగాణలో టీ-శాట్ పాఠాలు ఉచితంగానే దొరుకుతున్నాయి.

చేరే ముందు ఇవి చూసుకోండి

1. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్ తెరవండి. యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు. మీరు చేరబోయే కోర్సు, మీరు చేరే సెషన్ కూడా జాబితాలో ఉండాలి. అనుమతులు సెషన్ల వారీగా ఉంటాయి.

2. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సుల్లో చేరడానికి డీఈబీ ఐడీ తప్పనిసరి. 2024 నుంచి ఈ విధానం అమల్లో ఉంది. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీతో బ్యూరో పోర్టల్‌లో దీన్ని మీరే తీసుకోవాలి. 'అది అక్కర్లేదు, మేం చూసుకుంటాం' అంటే అనుమానించండి.

3. డిగ్రీ ఇచ్చేది ఎవరు? యూనివర్సిటీయా, యాప్ కంపెనీయా? యూనివర్సిటీలు తమ ఆన్‌లైన్ కోర్సులను ఎడ్‌టెక్ సంస్థలకు ఫ్రాంచైజీగా ఇవ్వకూడదని 2022 జనవరిలో యూజీసీ హెచ్చరించింది. విదేశీ యూనివర్సిటీల పేరుతో ఎడ్‌టెక్ సంస్థలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని అదే ఏడాది అక్టోబర్‌లో చెప్పింది.

4. రోజూ లైవ్ క్లాసులు ఎన్ని, రికార్డు చేసినవి ఎన్ని? ఒక లెక్చరర్‌కు ఎంతమంది విద్యార్థులు? డౌట్‌కు ఎన్ని గంటల్లో జవాబు ఇస్తారు? రాతపూర్వకంగా అడగండి.

5. పరీక్షలు ఎక్కడ? ఇంటి నుంచే కెమెరా ముందు రాయాలంటే నెట్ ఆగితే ఏం చేస్తారో, మళ్లీ రాయనిస్తారో లేదో ముందే తెలుసుకోండి.

6. ఫీజును ఈఎంఐలో కట్టమంటే అది చాలాసార్లు ఏదో ఫైనాన్స్ సంస్థ ఇచ్చే లోన్. చదువు మధ్యలో ఆపినా లోన్ ఆగదు. సంతకం పెట్టే ముందు వాపసు నిబంధనలు పూర్తిగా చదవండి.

7. ప్రభుత్వ ఉద్యోగం లక్ష్యమైతే, ఆ నోటిఫికేషన్లలో విద్యార్హత నిబంధన చూడండి. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబర్‌లో యూజీసీ స్పష్టం చేసింది. ఆ గుర్తింపు రుజువును, అంటే మీరు చేరిన సెషన్‌కు అనుమతి ఉన్నట్టు చూపే పేజీని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. పదేళ్ల తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో అది అక్కరకొస్తుంది.

ఇప్పటికే చేరినవారు ఏం చేయాలి?

కంగారుపడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో లేనిదాన్ని బయట నుంచి తెచ్చుకోవాలి. మీ ఊళ్లో, మీ ఏరియాలో అదే కోర్సు చదువుతున్న ముగ్గురు నలుగురిని వెతికి వారానికి రెండుసార్లు ఒకచోట కూర్చోండి. జిల్లా గ్రంథాలయం ఇందుకు మంచి చోటు. లైవ్ క్లాసు ఉంటే రికార్డింగ్ కోసం ఆగకుండా లైవ్‌లోనే హాజరవ్వండి. నోట్స్ చేత్తో రాసుకోండి. ప్రతి యూనిట్‌లో కనీసం ఒక డౌట్ లెక్చరర్‌ను అడగాలని నియమం పెట్టుకోండి. తల్లిదండ్రులైతే క్లాసు గంటల్లో పిల్లలకు ఇంటి పని చెప్పకండి. ఒక కుర్చీ, ఒక బల్ల, తలుపు వేసుకునే వీలు, ఈ మూడూ ఇచ్చినా పెద్ద సాయమే.

పాఠాలు చెప్పకపోయినా, ఫీజు తిరిగి ఇవ్వకపోయినా, సర్టిఫికెట్ ఆపినా యూజీసీ 'ఈ-సమాధాన్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మెయిళ్లు, రసీదులు, కౌన్సెలర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచుకోండి. ఫిర్యాదులో మీ మాట నిలబెట్టేవి అవే.

అడ్మిషన్ ఫారం నింపే ముందు విద్యార్థి తనను తాను ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఇంటర్‌లో ఎవరూ అడగకుండా, పరీక్ష దగ్గర పడకుండా, మీ అంతట మీరు పుస్తకం తీసి రోజూ రెండు గంటలు చదివారా? అవునంటే ఆన్‌లైన్ మీకు పనికొస్తుంది. కాదంటే, ఆ కాలేజీ బస్సు చార్జీ మీ చదువు మీద పెట్టే మంచి పెట్టుబడే.